బడిగదిలోని గాలి

పాఠశాలలు తిరిగి తెఱచు దినములు సమీపించినపుడెల్ల మన పట్టణములలోని తలిదండ్రులు రుసుములను గుఱించి తగవులాడుదురు. పుస్తకముల ధరలను గుఱించి వాపోవుదురు. బస్సు ఏ వీధివఱకు వచ్చును, మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు ఏ దినమున నిత్తురు, మరుగుదొడ్లలో నీరు కలదా లేదా యని విచారింతురు. ఇవి యన్నియు విచారింపదగినవే. కాని తమ బిడ్డ దినమునకు ఆఱేడు గంటలు కూర్చుండు గదిలోనికి గాలి ఎటనుండి వచ్చుచున్నది, ఎటు పోవుచున్నది యని యడిగిన తండ్రిని మేమింతవఱకు చూడలేదు. బిడ్డ త్రాగు నీరు దినమునకు ఒకటి రెండు లీటర్లు. పీల్చు గాలి వేల లీటర్లు. నీటిని కాచి, వడగట్టి, సీసాలో పోసి సంచిలో పెట్టి పంపుదుము. గాలిని మాత్రము బడివారికిని భగవంతునికిని వదలిపెట్టితిమి.

ఇటీవల మేమొక పట్టణమున ఒక విద్యాసంస్థను చూడబోయితిమి. దాని పేరు వ్రాయము. ఏలన అట్టివి మన జిల్లా కేంద్రములలో ఎన్నియో కలవు. అద్దెలకిచ్చుటకై కట్టిన అయిదంతస్తుల మేడ. క్రింద మందుల దుకాణము, నగల దుకాణము, పైన చదువు. వీధివైపు కిటికీలను సంస్థవారి పెద్ద బోర్డు పూర్తిగ కప్పివేసినది. ర్యాంకులు తెచ్చుకొన్న విద్యార్థుల ముఖములు బోర్డుపై వీధిని చూచి నవ్వుచుండగా, ఆ ముఖముల వెనుక కూర్చున్న విద్యార్థులకు గాలి లేదు. వెనుకవైపు ప్రక్కమేడ గోడ చేయి చాచిన అందును. గదిలో సుమారు డెబ్బదిమంది ఇంటర్మీడియేటు బాలురు భుజము భుజము రాచుకొని కూర్చుండిరి. గోడపై శీతలయంత్రము మ్రోగుచుండెను. మాతో వచ్చిన ఉద్యోగి “మా గదులన్నియు ఏసీ గదులేనండీ” యని గర్వముగ చెప్పెను. చివరి బల్లపై ఒక బాలుడు ఎడతెగక దగ్గుచుండెను. వానివంక ఎవ్వరును చూచుటలేదు. ఆ గదిలో దగ్గు వింత కాదు కాబోలు.

ఆ యంత్రము చేయు పని యేమి? గదిలోని గాలినే మ్రింగి, చల్లార్చి, మఱల గదిలోనికే విడుచుట. వెలుపల గోడకు తగిలించిన పెట్టె వేడిని వెలికి పంపునేగాని క్రొత్తగాలిని లోనికి తేదు. మన యిండ్లలోను బడులలోను కనబడు ఏసీలు దాదాపుగ అన్నియు నిట్టివే. పైకప్పు పంకా సంగతియు నంతే. అది ఉన్న గాలిని త్రిప్పును, లేని గాలిని తేదు. చల్లగానున్న గాలి మంచిగాలి యను భ్రమ మన మధ్యతరగతివారిలో ఎంత గట్టిగ పాతుకొన్నదో, ఏసీ గదికి వేఱు రుసుము వసూలు చేయు సంస్థలను చూచిన తెలియును. ఎక్కువ సొమ్మిచ్చి తక్కువ గాలి కొనుచున్నాము.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఇరువది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు, పది యడుగుల ఎత్తు గల గదిలో పట్టు గాలి 4,000 ఘనపుటడుగులు, అనగా సుమారు 1,13,000 లీటర్లు. కూర్చుండి వ్రాసికొను బాలుడు గంటకు ఇంచుమించుగ 12 లీటర్ల బొగ్గుపులుసు వాయువును విడుచును. నలువదిమంది బాలురు విడుచునది 480 లీటర్లు. తలుపులు కిటికీలు బొత్తిగ బిగించియున్నచో ఒక్క గంటలో ఆ వాయువు గదిలో పదివేల పాళ్లకు 42 పాళ్లు పెరుగును. వెలుపలి గాలిలో అది పదివేలకు నాలుగు పాళ్లకంటె కొంచెము మాత్రమే యెక్కువ. అనగా గంట కొట్టునప్పటికి వెలుపలికంటె పదిరెట్లు దాటినది. మన నిశ్వాసమున ఈ వాయువు నూటికి నాలుగు పాళ్లుండును గనుక, ఆ గంట చివర గదిలోని గాలిలో ఇంచుమించు పదియవ వంతు అంతకుముందే ఎవరి ఊపిరితిత్తులలోనుండియో వెలువడినదన్నమాట. తలుపు సందులనుండి కొంత గాలి వచ్చిపోవుచుండుటచేత ఇంత జరుగదని కొందఱనవచ్చును. నిజమే. కాని మేము చూచిన గదిలోని వారు నలువదిమంది గారు, డెబ్బదిమంది. కూర్చున్నది ఒక గంట గాదు, ఉదయమునుండి రాత్రివఱకు.

1858లోనే మ్యూనిచ్ నగరపు పెట్టెన్‌కోఫర్ పండితుడు, మనుష్యులు కూర్చుండు గదులలో ఈ వాయువు పదివేలకు పది పాళ్లు మించరాదని చెప్పియుండెను. ఆ కొలతలో అది విషమని ఆయన భావము గాదు. మనుష్యుల నిశ్వాసము గదిలో ఎంత పేరుకొన్నదో తెలుపు కొలబద్దగ దానిని వాడెను. నూట యరువదేండ్లు దాటినను నేటికిని ఇంజనీర్లు ఆ పది పాళ్లనే, లక్షకు నూఱు పాళ్లనియు, పదిలక్షలకు వేయి పాళ్లనియు అంకెలు మార్చి వాడుచున్నారు.

నిశ్వాసముతో వెలువడునది వాయువొక్కటే యైనచో మేమింత వ్రాయనవసరము లేదు. దానితో సూక్ష్మజీవులును వెలువడును. గాలిలోని సూక్ష్మజీవులన్నియు శత్రువులని మా యభిప్రాయము గాదు. మట్టినుండి, ఆకులనుండి, పశువులనుండి, మన చర్మమునుండి లెక్కకు మిక్కిలియైన జీవులు గాలిలో ఎగురుచునేయుండును. వానిలో అధికాంశము మనకు హానిచేయవు. గాలిలో అవి అన్నిచోట్లను సమముగ నుండవని తొలుత ఋజువు చేసినవాడు లూయీ పాస్టరు. 1860లో ఆయన కాచి మూసిన ద్రవములు గల బుడ్లను పట్టుకొని తన గ్రామప్రాంతమునకును, కొండలపైకిని పోయి, అచ్చటచ్చట మూతి విఱిచి గాలి సోకనిచ్చి మఱల మూసెను. పల్లెసీమలో తెఱచిన ఇరువది బుడ్లలో ఎనిమిది చెడిపోయినవి. ఆల్ప్సు పర్వతములలో హిమానీనదము చెంత తెఱచిన ఇరువదిలో ఒక్కటి మాత్రమే చెడినది. మనుష్యులును ధూళియు నున్నచోట గాలిలో జీవులెక్కువ. 1887లో కార్నెలీ, హాల్డేను, ఆండర్సను అను మువ్వురు స్కాట్లండు దేశపు డండీ పట్టణమున ఇండ్లలోను బడులలోను గాలిని పట్టి పరీక్షించి, యంత్రములచే గాలి మార్చు బడులకంటె మార్చని బడులలో సూక్ష్మజీవులు పెక్కురెట్లుండునని రాయల్ సొసైటీ వారికి నివేదించిరి. అప్పటికే తెలిసిన విషయమిది.

తెలిసినది మఱుగున పడుట యెట్లు? ఇందులో మన సికింద్రాబాదునకును కొంత పాత్ర కలదు. పూర్వము వైద్యులు దుర్గంధపు గాలియే సకల రోగములకు మూలమని తలచెడివారు. మలేరియా యను మాటకే ఇటలీ భాషలో చెడుగాలి యని యర్థము. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియా క్రిమిని కనిపెట్టెను. దానితో గాలి నిర్దోషియని తేలెను. కలరా నీటిదని అంతకుముందే తేలియుండెను. ఇట్లు గాలిపై మోపిన నేరములు ఒక్కొక్కటి దోమకును నీటికిని బదిలీయై, తుదకు గాలివలన ఏ రోగమును రాదను మఱియొక మూఢవిశ్వాసము పుట్టినది. అమెరికాలో ప్రావిడెన్స్ నగరపు ఆరోగ్యాధికారి చార్లెసు చాపిను 1910లో ప్రచురించిన గ్రంథము ఈ యభిప్రాయమునకు బలము చేకూర్చెను. రోగము అంటుకొనుటకు చేతుల స్పర్శయు దగ్గఱనుండి పడు తుంపరలునే ముఖ్యమని ఆయన వాదము. చోద్యమేమన, ఆ ప్రావిడెన్సుననే 1908లో ఇద్దఱు వైద్యురాండ్ర పూనికచే అమెరికాలోని మొదటి ఆరుబయటి పాఠశాల తెఱవబడియుండెను! జర్మనీలో బెర్లిను చెంత షార్లొట్టెన్‌బుర్గునందు అట్టిది 1904లోనే ఏర్పడెను. మన దేశమున శాంతినికేతనమున 1901 నుండియు చెట్లక్రింద పాఠములు చెప్పుచునే యున్నారు.

చాపిను మాట చాలకాలము చెల్లినది. విలియం వెల్సు అను నాతడు 1934లో, దగ్గినపుడు వెలువడు పెద్ద తుంపరలు నేలపై బడునుగాని చిన్నవి గాలిలోనే యెండి, లోపలి క్రిములతో కూడ గంటలకొలది తేలుచుండునని వ్రాసెను. భార్య మిల్‌డ్రెడ్డు వెల్సు సహాయముతో ఫిలడెల్ఫియాలోని బడిగదులలో, పిల్లల తలలకు పైన, గోడలపై అతినీలలోహిత దీపములు అమర్చి చూచెను. 1941లో అచ్చట తట్టు వ్యాపించినపుడు దీపములున్న తరగతులలో జబ్బుపడిన పిల్లలు చాల తక్కువ. ఇతర పట్టణములలో ఇదే ప్రయత్నము చేసినవారికి అంత ఫలము కనబడలేదు. పిల్లలు బడిలో తప్పించుకొన్న క్రిమిని బస్సులో పట్టుకొనుచుండిరి. ఫలము కనబడలేదను మాట మాత్రము లోకమునకు జ్ఞాపకమున్నది, బస్సు సంగతి మఱచిరి. 1974లో న్యూయార్కు రాష్ట్రమున రోచెస్టరు సమీపపు ఒక ప్రాథమిక పాఠశాలలో తట్టు సోకిన ఒక్క బాలికనుండి ఇరువదియెనిమిదిమంది పిల్లలకు జబ్బు తగిలెను. వారిలో పలువు రా బాలికతో ఏనాడును ఒక గదిలో కూర్చుండినవారు కారు. మేడలోని గాలియంత్రము ఒక గదిలోని గాలిని పదునాలుగు తరగతులకు పంచిపెట్టినది.

ఇంత జరిగియుండగా, 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడు గాలిద్వారా వ్యాపించునది కాదని ప్రకటించెను. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు కలిసి బహిరంగలేఖ వ్రాయవలసివచ్చెను. 2021లోగాని ఆ సంస్థ తన మాటను స్పష్టముగ సవరించుకొనలేదు. ఆ లోపల మనమేమి చేసితిమి? వీధులపై హైపోక్లోరైటు ద్రావణము చల్లితిమి. బడి బల్లలను తుడిచితిమి. గుమ్మమున నొకనిని నిలిపి పిల్లల నొసట యంత్రము పెట్టి వేడి చూచితిమి. నేలపై గుండ్రని గుర్తులు గీసితిమి. కిటికీలకు కొట్టిన మేకులను మాత్రము చాలచోట్ల ఊడదీయలేదు. నేలపైని ఆ గుర్తులు చెరగిపోయినవి, మేకులున్నవి. ఇటలీలో మార్కె యను రాష్ట్రమువారు 10,441 తరగతి గదులను లెక్కలోనికి తీసికొని, గాలిమార్చు యంత్రములున్న 316 గదులలో కోవిడు వ్యాప్తి ఎంత తగ్గెనో 2022లో తేల్చిరి: గాలి ఎక్కువగ మారిన కొలది రోగము తగ్గెను, అన్నిటికంటె ఎక్కువ గాలి మారిన గదులలో నూటికి ఎనుబది పాళ్లకు పైగ తగ్గెను.

కోవిడు వచ్చినది, తగ్గినది. దానికొఱకు ఇంత గోల యెందుకని అడుగువా రుందురు. మన దేశపు గాలి రోగము కోవిడు కాదు, క్షయ. ప్రపంచములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశమువారే. క్షయ గాలివలన తప్ప వేఱుదారి దాదాపు ఎఱుగదు. పసిపిల్లలవలన అది యితరులకు అంటుకొనుట అరుదు. పెద్దవారినుండి పిల్లలకు వచ్చును. కాని పదునాఱు పదునేడేండ్ల వయస్సువారు ఈ విషయమున పెద్దవారితో సమానులు. సరిగ ఆ వయస్సువారినే మనము డెబ్బదిమందిని ఒక గదిలో మూసి, రాత్రి ఆ యారోగ్యముతోనే వసతిగృహపు ఇఱుకు గదికి పంపుచున్నాము. మన్యప్రాంతపు ఆశ్రమ పాఠశాలలు కొన్నిటిలో పగటి తరగతియే రాత్రి పడకగది. రోగము కనిపెట్టి మందు మొదలిడిన వానివలన భయము త్వరలోనే తగ్గును. 1956లో మద్రాసున ఆరంభించిన పరిశోధన, ఇంట ఉండి మందు పుచ్చుకొన్న రోగులవలన ఇంటివారికి అదనముగ ప్రమాదము లేదని లోకమునకు చాటినది. భయమెల్ల, ఇంకను ఎవరును కనిపెట్టని దగ్గువలన. చివరి బల్లపై మేము విన్నది ఏ దగ్గో మాకు తెలియదు. సామాన్యపు పడిశమే కావచ్చును. ఆ గదిలో ఎవరికిని తెలియదనుటయే మా యారోపణ.

క్షయకు మందు లేని దినములలో మన మదనపల్లె చెంత ఆరోగ్యవరమను చోట రోగులకు చికిత్స యేమి? విశ్రాంతి, ఆహారము, గాలి. దూరదేశములనుండి కూడ జనులు ఆ కొండగాలికై వచ్చెడివారు. రోగులకు గాలి కావలెనని నూఱేండ్లక్రిందట ఎఱిగిన దేశమున, రోగులు కాని పిల్లలకు గాలి అక్కఱలేదను సిద్ధాంతము ఎవరు చేసిరో తెలియదు.

మన పూర్వపు వీధిబడులు అరుగులపై, పంచలలో, చావళ్లలో సాగినవి; ఇంగ్లీషువారు వానిని ‘పయల్ స్కూళ్లు’ అని వ్రాసిరి. ఆ బడులను మేము పొగడబోవుటలేదు. ఆ అరుగు అందఱి బిడ్డలకును దొరకలేదు. ఆడపిల్లలకును మాలమాదిగల పిల్లలకును అది మూసిన తలుపే. అయినను ఎక్కగలిగినవానికి గాలికి కొఱవడలేదు. గోదావరి మండలములలోని మండువా లోగిళ్లు చూడుడు: నడుమ ఆకసము కనబడును, వేడిగాలి పైకి పోవును, నాలుగువైపులనుండి చల్లగాలి వచ్చును. బ్రిటిషు దినములలో కట్టిన పాత ఉన్నత పాఠశాలలు మన పట్టణములలో ఇంకను కొన్ని నిలిచియున్నవి. ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు, కప్పుక్రింద వెంటిలేటర్లు, చుట్టు వరండా. విద్యుత్తు లేని కాలమున కట్టినవాడు గాలిని గుఱించి ఆలోచింపక తప్పలేదు. మీట నొక్కుట నేర్చిన తరువాత మనము ఆలోచించుట మానితిమి. ఐరోపావారికి కిటికీ తెఱచిన చలి. మనకు సంవత్సరములో అధికభాగము అట్టి బాధ లేదు. ప్రకృతి ఊరక యిచ్చుదానిని మూసివేయుటకు మనము డబ్బు వెచ్చించుచున్నాము.

ఇక శాసనము సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమున పాఠశాలా భవనము ఎట్లుండవలెనో చెప్పబడియున్నది: అన్ని ఋతువులకు తట్టుకొను కట్టడము, ఉపాధ్యాయునికొక గది, వేఱువేఱు మరుగుదొడ్లు, త్రాగునీరు, వంటశాల, ఆటస్థలము, ప్రహరీ. గాలి యను మాట అందులో లేదు. ఆంధ్రప్రదేశమున 2019లో మొదలైన ‘నాడు-నేడు’లోను, తెలంగాణమున 2022లో మొదలైన ‘మన ఊరు-మన బడి’లోను పంకాలు, దీపములు, రంగులు, బల్లలు కలవు, గదిలో గాలి మారుటను గుఱించి ప్రత్యేకాంశము లేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో గాలి వెలుతురులపై ప్రత్యేక భాగమే కలదు. కాని బడికి గుర్తింపు నిచ్చునపుడు కట్టడపు గట్టితనమును, అగ్నిభయమును, పారిశుద్ధ్యమును గుఱించి పత్రములు కోరు అధికారి, ఈ గదిలో ఎందఱు కూర్చుందురు, వారికి గాలి యెటనుండి వచ్చునని యడుగుచున్నాడా? 2004లో కుంభకోణపు బడి మంటలలో 94 మంది పిల్లలు మరణించిన తరువాత గదా మనకు పాకకప్పు కనబడినది. మంట పొగ విడుచును, కేక పెట్టించును. గాలిలోని క్రిమి నిశ్శబ్దముగ పని చేయును. ఆఱు నెలల తరువాత బయటపడిన క్షయ ఏ గదిలో తగిలెనో ఎవరు చెప్పగలరు?

కిటికీ తెఱచిన దోమలు వచ్చును, ధూళి వచ్చును, మోతవచ్చును, ఏప్రిలులో వడగాలి వచ్చునని ఉపాధ్యాయులు మాతో చెప్పిరి. వీనిలో ఒక్కటియు కొట్టివేయదగినది గాదు. దోమకు తెర కట్టవచ్చును. గాలి కొంత తగ్గును గాని ఆగదు. ఎండలకు మన ప్రభుత్వములు ఒంటిపూట బడులను ఎన్నడో కనిపెట్టినవి. రహదారి ప్రక్క బడికి చిక్కు నిజమైనది: పొగలో కిటికీ తెఱచుట మేలా, మూయుట మేలా యని మేమును తటపటాయించుచున్నాము. అచ్చట వీధివైపు మూసి పెరటివైపు తెఱచి, వడపోత పెట్టెల నుంచుట మంచిది. 2020లో రిచర్డు కోర్సి, జిమ్ము రోజెంతాలు అను ఇద్దఱు అమెరికావారి పేర వెలసిన పెట్టె యొకటి కలదు. నాలుగు వడపోత పలకలను చతురస్రముగ నిలిపి పైన ఒక పంకా బిగించిన నది సిద్ధము. పదవతరగతి పిల్లలే చేసికొనగలరు. వసతిగృహములలో, పడకగదులలో, వెల్సు దంపతుల దీపములను తెలిసినవారిచే అమర్పించుట ఆలోచింపదగినది. వానకాలమున గోడలు చెమర్చి బూజుపట్టు గదులకు ఈ ఉపాయము లేవియు చాలవు. కప్పు కారుట మాన్పక బూజు పోదు, ఉబ్బసపు బిడ్డ కష్టము తీఱదు.

చట్టప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులే. ఈ పుటను పఠనమందిరమున చదువు మా పాఠకులలో అట్టి సభ్యులు తప్పక కొందఱుందురు. వారు వచ్చు సమావేశమునకు ముందొక ఉదయము, రెండవ గంట జరుగుచుండగా, తరగతిలోనికి పోయి గుమ్మమున నిలిచి ఒక్కసారి గాలి పీల్చిన చాలును. వెలుపలినుండి వచ్చిన ముక్కునకు తెలియును. ముక్కును నమ్మనివారు బొగ్గుపులుసు వాయువును కొలుచు చిన్న యంత్రము నొకటి కొని గదిగదికి త్రిప్పవచ్చును. దాని వెల కొన్ని వేల రూపాయలు, అనగా వార్షికోత్సవపు పూలదండల ఖర్చునకు మించదు. అంకె వేయి దాటిన గదిలో ఎదురుగోడకు కిటికీ పెట్టించుటయో, గాలిని వెలికి లాగు పంకా బిగించుటయో, పిల్లలను రెండు గదులకు పంచుటయో నిర్ణయించి మినిట్సు పుస్తకమున వ్రాయింపవలెను. బీరువాల చాటున పడిన కిటికీల లెక్క కూడ తీయుట మంచిది. ప్రైవేటు సంస్థలలో కమిటీ లేదు. అచ్చట రుసుము చెల్లించు దినమున రసీదుతోబాటు ఈ ప్రశ్నయు అడుగవలసినదే. విద్యాశాఖవారు గుర్తింపు పత్రమున గదికి ఎందఱు పిల్లలో, గాలికి ఎన్ని చదరపుటడుగుల కంతలో వ్రాయించి ఆ కాగితమును గుమ్మమున అంటింపనిచో, అడిగిన తండ్రికి దొరకు సమాధానము “మా గదులన్నియు ఏసీ గదులేనండీ” యనియే.

మేము చూచిన మేడవారికి ఈ సంచిక నొకటి పంపుచున్నాము. జూను మాసమున మఱల ఆ వీధిని పోవుదుము. వీధివైపు బోర్డు తొలగి కిటికీలు తెఱచియున్నచో ఆ వార్తను ఇదే పుటలో, ఇంతే పెద్ద అక్షరములతో ప్రకటింతుము.